‘ప్రాబబ్లీ’: లెక్కకు ముందున్న మాట

రైలు ఆలస్యంగా వస్తుందని చెప్పేటప్పుడు, కణితి ప్రమాదకరమైంది కాదని డాక్టరు ధైర్యం చెప్పేటప్పుడు, ఆ సంతకం ముద్దాయిదేనని వకీలు వాదించేటప్పుడు ఇంగ్లీషులో తరచూ వినిపించే మాట ‘ప్రాబబ్లీ’. దాని అర్థమేమిటని అడిగితే రెండు జవాబులు వస్తాయి. అది లోపల ఒక అంకెను దాచుకున్న మాట అని కొందరు అంటారు. నూటికి యాభై దాటిన అవకాశాన్ని, అంకె బయటపెట్టకుండా చెప్పడమే దాని పని అని వాళ్ల లెక్క. అందులో అంకె ఏమీ లేదని, చెప్పేవాడు తన మాటకు పూర్తి పూచీ తీసుకోకుండా కాస్త వెనక్కి తగ్గి మాట్లాడటమేనని ఇంకొందరు అంటారు. ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో, కోర్టుల్లో, గూఢచారి నివేదికల్లో, వాతావరణ హెచ్చరికల్లో ఇవాళ ఏ పని చేస్తోందో కలిపి చూస్తే రెండు జవాబులూ చాలవనే అనిపిస్తుంది. ‘ప్రాబబ్లీ’ మొదటినుంచీ ఆధారాల మీద ఇచ్చే తీర్పు. ఉన్న ఆధారాలను బట్టి ఈ సంగతిని నమ్మి నడుచుకోవడం తగును అన్నది దాని అసలు అర్థం. అవకాశాల లెక్క 17వ శతాబ్దంలో వచ్చి దానికి తోడైంది కానీ, ఆ అర్థాన్ని ఊడబెరకలేదు. ఈ సంగతి మరిచి మాటకు అంకె అతికించబోయిన ప్రతిచోటా గందరగోళం పుట్టింది. ఈ వ్యాసంలో నిలబెట్టదలచిన వాదం ఇదే.

లాటిన్‌లో ‘ప్రోబుస్’ అంటే మంచి, నికార్సయిన. దాని మీద పుట్టిన ‘ప్రొబారె’ అనే క్రియకు పరీక్షించడం, పరీక్షించి బాగుందని ఒప్పుకోవడం అనే అర్థాలున్నాయి. అలా ఒప్పుకోదగ్గది ‘ప్రొబాబిలిస్’. ఇంగ్లీషులోని ప్రూవ్, అప్రూవ్, ప్రోబ్, ప్రొబేషన్, వీలునామాలకు సంబంధించిన ప్రొబేట్ అన్నీ ఈ కుదుటివే. సత్యం ఇదేనని మనిషి ఎన్నటికీ తేల్చలేడని వాదించిన గ్రీకు తాత్వికుడు కార్నియాడిస్, అలాగైతే బతకడమెలా అన్న ప్రశ్నకు జవాబుగా, మనసును ఒప్పించగలిగిన దాన్ని పట్టుకుని నడుచుకోవాలన్నాడు. ఆ ‘ఒప్పించగల’ అన్న గ్రీకు మాటకు సిసెరో క్రీ.పూ. 45 నాటి తన అకడెమిక గ్రంథాల్లో ఎంచుకున్న లాటిన్ మాట ‘ప్రొబాబిలె’. దానికి తోడుగా ‘నిజాన్ని పోలింది’ అనే అర్థమిచ్చే ఇంకో మాటనూ వాడాడు. తరవాత బోయెథియస్, అరిస్టాటిల్ చెప్పిన ‘పెద్దలూ పదిమందీ ఒప్పుకున్న అభిప్రాయాల’ను లాటిన్‌లోకి తెచ్చేటప్పుడు ఈ కుటుంబపు మాటనే తీసుకున్నాడు. మధ్యయుగాల్లో ‘ప్రాబబుల్’ అభిప్రాయమంటే పండితుల ఆమోదం పొందిన అభిప్రాయం. దాన్నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ‘ప్రాబబ్లీ’ 15వ శతాబ్దం నడుమ కనిపించినప్పుడు దాని అర్థం ‘ఒప్పుకోదగ్గ రీతిలో, సబబుగా’ అనే. ఎన్నిసార్లకు ఎన్నిసార్లు అన్న ఊహ అందులో లేదు.

తెలుగు చదువరికి ఈ దారి కొత్తదేమీ కాదు. మన పదో తరగతి గణితంలో ఈ పాఠానికి పెట్టిన పేరు ‘సంభావ్యత’. అదే ధాతువు నుంచి వచ్చిన ‘సంభావన’ తెలుగులో మర్యాద, గౌరవం, పండితుడికి ఇచ్చే పారితోషికం. మన్నించదగ్గది, ఊహించదగ్గది అనే రెండు అర్థాలూ ఒకే మాటలో కలవడం లాటిన్‌కు మాత్రమే దక్కిన విశేషం కాదన్నమాట. సిసెరో వాడిన రెండో మాటకు కూడా మన దగ్గర జోడీ ఉంది. ‘కాబోలు’లో ఉన్నది పోలడమే. భాషల మధ్య ఇంత దూరం ఉన్నా, తెలియని దాన్ని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనుషులు ముందుగా వెతుక్కున్నది లెక్కను కాదు, ఒప్పుదలనూ పోలికనూ.

ఒప్పుదలనే కొలతగా పెట్టుకుంటే వచ్చే ప్రమాదం కూడా యూరప్ చూసింది. 1577లో సలమాంకాలో బార్తొలోమే దె మెదీనా అనే డొమినికన్ ఆచార్యుడు, ఒక అభిప్రాయం ‘ప్రాబబుల్’ అయితే చాలు, దానికి ఎదురైన అభిప్రాయం ఇంకా ఎక్కువ ‘ప్రాబబుల్’ అయినా సరే, మొదటిదాన్ని అనుసరించి నడుచుకోవచ్చు అని తేల్చాడు. జ్ఞానులు చెప్పి, మంచి వాదనలతో బలపరచినదే ఆయన దృష్టిలో ‘ప్రాబబుల్’. ఇవాళ్టి చెవికి ఈ సూత్రం అర్థం లేనిదిగా తోస్తుంది. తక్కువ అవకాశమున్న దాన్ని పట్టుకోవడమేమిటి అనిపిస్తుంది. కానీ అక్కడ మాట్లాడుతున్నది అవకాశం గురించి కాదు, ఆమోదం గురించి. ఒకే ప్రశ్న మీద ఇద్దరు పెద్దలు ఎదురెదురు అభిప్రాయాలు చెబితే రెండూ ఆమోదం పొందినవే. జెసూట్ గురువులు దీన్ని పాపపరిహారం అడగవచ్చిన వాళ్లకు వెసులుబాటుగా వాడుకున్నారన్న కోపంతో బ్లేజ్ పాస్కల్ 1656–57లో రాసిన ఉత్తరాలు ఈ సిద్ధాంతాన్ని ఎండగట్టాయి. 1679లో పోప్ పదకొండో ఇన్నొసెంట్ ఈ తరహా సడలింపుల్లో 65 ప్రతిపాదనలను ఖండించాడు. ఆ దెబ్బతో ‘ఎవరు ఒప్పుకున్నారు’ అన్న ప్రశ్న వెనక్కి పోయి, ‘ఏ ఆధారం మీద ఒప్పుకోవాలి’ అన్న ప్రశ్న ముందుకొచ్చింది. మాట చరిత్రలో అసలు మలుపు ఇదే. జూదం లెక్కలకు దక్కినంత పేరు దీనికి దక్కకపోవడం న్యాయం కాదు.

జూదం లెక్కల కథ అందరికీ తెలిసిందే. ఆట మధ్యలో ఆగిపోతే పందెం సొమ్ము ఎలా పంచాలి అన్న సమస్య మీద 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకున్నారు. 1657లో హైగెన్స్ ఆ విద్య మీద చిన్న పుస్తకం అచ్చు వేశాడు. అయితే హైగెన్స్ లెక్క కట్టింది ఆటగాడి ఆశకు ఎంత విలువ అన్నది. ‘ప్రాబబిలిటీ’ అన్న మాట ఇంకా పాచికల దగ్గరకు చేరలేదు. 1662లో పోర్ట్ రాయల్ తర్కశాస్త్రం చివరి అధ్యాయాల్లో, పిడుగంటే అతిగా భయపడేవాళ్లకు బుద్ధి చెబుతూ, భయం ఆపద ఎంత పెద్దదన్న దాన్నిబట్టే కాక అది జరగడానికి ఎంత వీలుందన్న దాన్నిబట్టి కూడా ఉండాలన్నప్పుడు ఆ రెండు దారులూ కలిశాయి. 1713లో, యాకొబ్ బెర్నూలి చనిపోయిన ఎనిమిదేళ్లకు అచ్చయిన ఆయన గ్రంథంలో ‘ప్రాబబిలిటీ’ నిశ్చయంలో ఒక భాగంగా, భిన్నంగా నిర్వచనం పొందింది. ఈ పరిణామాన్ని ఇయన్ హ్యాకింగ్ 1975లో ఒక ప్రసిద్ధ పుస్తకంలో ఇలా వివరించాడు: 1660కి ముందు ‘ప్రాబబిలిటీ’ అంటే పెద్దల ఆమోదమే, ఆ దశకంలో హఠాత్తుగా రెండు ముఖాలున్న కొత్త భావం పుట్టింది. ఒక ముఖం నమ్మకం ఏ మేరకన్నది, ఇంకొకటి సంఘటనలు ఎంత తరచుగా జరుగుతాయన్నది.

హ్యాకింగ్ వాదానికి ఎదురుదెబ్బలు తగలకపోలేదు. డేనియల్ గార్బర్, శాండీ జేబెల్ 1979లోనే పాత గ్రంథాల సాక్ష్యంతో దాన్ని ప్రశ్నించారు. ‘ఎక్కువగా జరిగేది’ అన్న అర్థం సిసెరో అలంకారశాస్త్ర రచనలోనే ఉందని ఎత్తిచూపారు. 2001లో జేమ్స్ ఫ్రాంక్లిన్ పాస్కల్‌కు ముందు ఆధారాల శాస్త్రం ఎంత ముదిరి ఉందో పెద్ద గ్రంథం రాసి చూపించాడు. రోమన్ చట్టం మీద కట్టిన మధ్యయుగ న్యాయస్థానాల్లో ఇద్దరు సాక్షులు చెబితే పూర్తి రుజువు, ఒక్కరు చెబితే సగం రుజువు. అంటే ఆధారాలకు మెట్లున్నాయన్న సంగతి గణితజ్ఞులు వచ్చి నేర్పనక్కరలేదు. ఈ తగాదాలో నా మొగ్గు ఫ్రాంక్లిన్ వైపే. అందుకు కారణం క్రియావిశేషణమే ఇస్తోంది. నిఘంటుకారులు కూర్చిన సాక్ష్యం ప్రకారం, వాక్యానికంతటికీ తగిలించి ‘అలాగే అయి ఉండాలి’ అనే అర్థంలో ‘ప్రాబబ్లీ’ని వాడటం 1610ల నుంచే ఉంది. పాస్కల్, ఫెర్మాల ఉత్తరాలకు అది నలభై ఏళ్ల ముందు మాట. ఇవాళ మనం వాడే అర్థం పాచికల పలక మీద పుట్టలేదు. సాక్ష్యాలను తూచే అలవాటున్న సమాజంలో, లెక్క తెలియక ముందే అది స్థిరపడింది. గణితం ఆ మాటను అరువు తీసుకుంది, అంతే. బెర్నూలి కూడా తీసుకున్నది పాత మాటనే అనడానికి ఆయన ఉదాహరణలే చాలు. హత్య గురించి ప్రశ్నిస్తే ముఖం పాలిపోయిన అనుమానితుడి మీద ఏ వాదనకు ఎంత బలముంటుందని ఆయన లెక్క కట్టబోయాడు. ఆ లెక్కలో ఒక పక్షం బలం, ఎదుటి పక్షం బలం కలిపితే ఒకటిని దాటవచ్చు కూడా. పాచికల లెక్కలో అది కుదరదు. వాదోపవాదాల్లో మాత్రం రెండు పక్షాలకూ గట్టి ఆధారాలుండటం మామూలే.

1690లో జాన్ లాక్ ఈ విషయం మీద రాసిన అధ్యాయం ఇంగ్లీషు మాట నడవడిని అన్నిటికన్నా స్పష్టంగా చూపిస్తుంది. నమ్మదగ్గదనడానికి ఆయన చెప్పిన ఆధారాలు రెండు: మన అనుభవంతో పొసగడం, ఇతరుల సాక్ష్యం. ఆ రెండూ కొట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి సయాం రాజు కథ తెచ్చాడు. తమ దేశంలో చలికాలం నీళ్లు ఎంత గట్టిపడతాయంటే ఏనుగు ఉన్నా దాని బరువు మోస్తాయని డచ్చి రాయబారి చెప్పాడు. ఇంతదాకా నువ్వు చెప్పిన వింతలన్నీ, నువ్వు పెద్దమనిషివని నమ్మాను, ఇప్పుడు మాత్రం అబద్ధమాడుతున్నావని తెలిసిపోయింది అన్నాడట రాజు. రాజు దగ్గరున్న గతానుభవాల లెక్కలో నీళ్లు గట్టిపడటం సున్నా. అయినా రాయబారి మాట నిజం. లెక్క ఎంత శుభ్రంగా ఉన్నా అది ఏ ఆధారాల మీద కట్టిందో చూడనిదే తీర్పు చెప్పలేమన్నది ఈ కథలో ఉన్న కష్టం. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు కూడా ఈ దారినే నడిచింది. ఎదుటి పక్షం కన్నా బలమైన ఆధారమున్నదే ‘ప్రాబబుల్’ అని అది అర్థం చెప్పింది. అప్పటికి బెర్నూలి పుస్తకం వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది. డి మోయవర్ పుస్తకమూ ఇంగ్లండులో 1718 నుంచే ఉంది. జాన్సన్ అంకె జోలికి పోలేదు.

ఇదంతా మాట పుట్టుపూర్వోత్తరాల ముచ్చట, మూలాన్నిబట్టి నేటి అర్థం తేల్చడం తప్పు కదా అని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన ఆక్షేపణే. మూలాలు మాత్రమే సాక్ష్యమైతే ఈ వాదాన్ని ఇక్కడే వదిలేయాల్సి వచ్చేది. కానీ పాత అర్థం ఇవాళ కూడా పని చేస్తూ కనిపిస్తోంది, ముఖ్యంగా ప్రాణాలూ ఆస్తులూ తేల్చే చోట. 1791లో అమలుకొచ్చిన అమెరికా రాజ్యాంగ నాలుగో సవరణ ‘ప్రాబబుల్ కాజ్’ లేకుండా సోదా వారంటు ఇవ్వకూడదంటుంది. ఆ కారణాన్ని ప్రమాణం చేసి చెప్పాలనీ అంటుంది. ఎవరో ఒకరు పూచీపడి చెప్పిన, ఆమోదించదగ్గ కారణమన్నమాట. దానికి ఎంత శాతం అన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు ముందుకు పదే పదే వచ్చింది. శాతాల్లో చెప్పడానికి వీల్లేదని 2003లో మేరీల్యాండ్ వర్సెస్ ప్రింగిల్ కేసులో ఆ కోర్టు మళ్లీ స్పష్టం చేసింది. మన దేశంలో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం మూడో సెక్షను ‘రుజువైంది’ అన్న మాటకు ఇచ్చిన అర్థం ఈ చర్చకు ఎంతో విలువైనది. ఒక సంగతి ఉందని కోర్టు నమ్మాలి. లేదా వివేకి అయిన మనిషి ఆ పరిస్థితుల్లో అది ఉందనుకుని నడుచుకోదగ్గంత ‘ప్రాబబుల్’ అని భావించాలి. కార్నియాడిస్ చెప్పిన నడవడి, మెదీనా చెప్పిన జ్ఞాని, లాక్ చెప్పిన ఆధారం ఈ ఒక్క వాక్యంలో కలిసి కూర్చున్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ నిర్వచనాన్ని మార్చలేదు. కర్నూలు కోర్టులోనైనా కరీంనగర్ కోర్టులోనైనా ఇవాళ సాక్ష్యం తూచేది ఈ కొలతతోనే.

సివిల్ దావాల్లో మొగ్గు ఎటున్నదో చూస్తే చాలంటారు కదా, అంటే యాభై దాటితే గెలుపే కదా, అది అంకె కాదా అని అడగవచ్చు. దీనికి జవాబు 1977లో ఎల్. జొనాథన్ కోహెన్ ఊహించిన ఒక కేసు. ఆటకు వెయ్యిమంది వచ్చారు, టిక్కెట్లు అమ్ముడైనవి 499. టిక్కెట్టు కొనకుండా దూరినవాళ్లు 501 మంది. గుంపులోంచి ఎవరో ఒకర్ని పట్టుకుని, వేరే సాక్ష్యమేమీ లేకుండా, నువ్వు కొనలేదు, సొమ్ము కట్టు అనవచ్చా? లెక్క యాభై దాటింది. అయినా ఆ తీర్పును న్యాయమనేవాళ్లుండరు. అలా అంటే టిక్కెట్టు కొన్న 499 మందిమీద కూడా అదే తీర్పు ఇవ్వాలి. ఇది ఊహ మాత్రమే కాదు. 1945లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ముందుకు ఇలాంటి వ్యాజ్యమే వచ్చింది. అర్ధరాత్రి దాటాక ఎదురుగా వచ్చిన బస్సు వల్ల ఒక మహిళ కారు ప్రమాదానికి గురైంది. ఆ వీధిలో బస్సులు నడపడానికి పర్మిట్ ఉన్నది ఒకే కంపెనీకి. లెక్క ప్రకారం బస్సు వాళ్లదై ఉండటానికే వీలెక్కువ. అంతమాత్రం చాలదు, అది ఆ కంపెనీ బస్సేనని నమ్మడానికి ఆ సంఘటనకే సంబంధించిన సాక్ష్యం కావాలి అని కోర్టు దావాను తోసిపుచ్చింది. దీన్ని కొందరు గణాంకవేత్తలు న్యాయమూర్తుల అజ్ఞానమని అన్నారు. నాకలా అనిపించదు. ‘ఈ బస్సు ప్రాబబ్లీ వాళ్లదే’ అనాలంటే ఈ బస్సు గురించి ఏదో ఒకటి తెలిసి ఉండాలన్నది ఆ మాట ఎప్పటినుంచో అడుగుతున్న షరతు. న్యాయమూర్తులు ఆ షరతును పాటించారు.

అంకె పక్షానికి బలమైన సాక్షి, అమెరికా గూఢచారి అంచనాల పని చూసిన శెర్మన్ కెంట్. 1951లో అమెరికా గూఢచారి సంస్థలు, ఆ ఏడాది యుగొస్లావియా మీద దాడి జరగడాన్ని ‘గట్టిగా పట్టించుకోవాల్సిన వీలు’గా చూడాలని ఒక అంచనా పంపాయి. విదేశాంగ శాఖ పెద్ద ఒకాయన మాటల్లో దీని అర్థమేమిటని అడిగితే, జరుగుతుందనడానికి 65, జరగదనడానికి 35 అని కెంట్ అన్నాడు. అడిగిన పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు. తాను చాలా తక్కువ అనుకున్నానన్నాడు. అప్పుడు కెంట్ ఆ అంచనా రాసిన సహచరుల్నే అడిగితే, ఒకే వాక్యం మీద సంతకం చేసినవాళ్ల మనసుల్లో 20 నుంచి 80 దాకా అంకెలున్నాయి. 1964లో ఆయన రాసిన వ్యాసం మాటలకు అంకెలు కేటాయించింది. ‘ప్రాబబుల్’కు 75, అటూ ఇటూ 12. దేశాల మీద యుద్ధానికి దిగాలా వద్దా అన్నది ఒక మాట మీద ఆధారపడినప్పుడు, ఆ మాట ఇరవైకీ ఎనభైకీ మధ్య ఊగడం భరించలేనిదే. మన సి.ఆర్. రావు కూడా ఈ పక్షానికి మంచి సాక్షి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, గణాంకశాస్త్రంలో ప్రపంచస్థాయి పేరు తెచ్చుకున్న ఆయన, అనిశ్చితమైన జ్ఞానానికి ఆ అనిశ్చితి ఎంతో తెలిస్తేనే అది వాడుకోదగ్గ జ్ఞానమవుతుందని చెప్పేవారు. ఆ మాటను కాదనడానికి నా దగ్గర కారణం లేదు. తుపానుకు ఊళ్లు ఖాళీ చేయించాలా, కొత్త మందును అనుమతించాలా అన్నచోట అంకె ఉంటే తప్పకుండా చెప్పాలి.

కానీ అంకె చెప్పడం వేరు, మాట అర్థమే అంకె అని శాసించడం వేరు. రెండోదాన్ని ప్రయత్నించిన సంస్థల అనుభవం చూడండి. కెంట్ పట్టికలో ‘ప్రాబబుల్’ 63 నుంచి 87 దాకా. అమెరికా గూఢచారి వ్యవస్థ 2015లో సవరించిన ఆదేశంలో ‘లైక్లీ’, ‘ప్రాబబుల్’ రెండింటికీ కలిపి 55 నుంచి 80. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్కలో ‘లైక్లీ’ అంటే 66 నుంచి 100. భారత వాతావరణ శాఖ బులెటిన్లలో అదే ‘లైక్లీ’కి 25 నుంచి 50 శాతం. యాభై దాటితే అక్కడ ‘వెరీ లైక్లీ’. ఒకే ఇంగ్లీషు మాట ఒక నివేదికలో మూడింట రెండు వంతులు దాటిన నమ్మకం, ఇంకో బులెటిన్లో సగానికి లోపు. అర్థాన్ని కనిపెట్టి ఉంటే ఇన్ని రకాలుగా తేలదు. వీళ్లంతా తమ పనికి అవసరమైన అంకెను మాటమీద నిలిపారు. పాఠకులు ఆ నిలుపుదలను ఒప్పుకోవడమూ లేదు. డేవిడ్ బుడెస్కు, ఆయన సహచరులు 2009లో అచ్చు వేసిన పరిశోధనలో, ఐపీసీసీ వాక్యాలు చదివిన సామాన్యులు, ఆ సంఘం ఉద్దేశించిన దానికన్నా మెత్తని, యాభైకి దగ్గరి అంకెలనే వాటికి ఇచ్చారు. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. మాటను అంకెకు కట్టేశాక ఈ సంస్థలకు ఒక లోటు తెలిసొచ్చింది. ఐపీసీసీ ‘లైక్లీహుడ్’ కొలబద్ద పక్కనే ‘కాన్ఫిడెన్స్’ అనే ఇంకో కొలబద్ద పెట్టుకుంది. దాంట్లో చూసేది సాక్ష్యం ఎంత గట్టిదన్నది, నిపుణులు ఎంతమేరకు ఏకీభవిస్తున్నారన్నది. దానికి శాతాలు లేవు. అమెరికా గూఢచారి ఆదేశం కూడా ఈ రెంటినీ వేరుగా చెప్పాలని, ఒకే వాక్యంలో కలపవద్దని నియమం పెట్టింది. సాక్ష్యం బలం, తెలిసినవాళ్ల ఆమోదం: ‘ప్రొబాబిలిస్’ అంటే సరిగ్గా ఈ రెండే కదా. ముందు గుమ్మంలోంచి పంపేసిన అర్థం, కొత్త పేరుతో పక్క గుమ్మంలోంచి లోపలికి రావలసి వచ్చింది.

మనస్తత్వ శాస్త్రజ్ఞుల పరిశోధనలు కూడా ఈ వైపే చూపిస్తున్నాయి. పాల్ విండ్‌షిట్ల్, గ్యారీ వెల్స్ 1998లో ఒక లాటరీని ఊహించమన్నారు. మొత్తం 88 టిక్కెట్లలో నీ దగ్గర 21. మిగతావి ఐదుగురి దగ్గర 15, 14, 13, 13, 12 చొప్పున ఉంటే ఒక రకం. ఒకడి దగ్గరే 52 ఉండి, మిగతావాళ్ల దగ్గర 6, 5, 2, 2 ఉంటే ఇంకో రకం. గెలుపు అవకాశం రెండు చోట్లా ఒకటే. అయినా మొదటి సందర్భంలో గెలుపును ఎక్కువ వీలున్నదిగా, రెండోదాన్లో తక్కువదిగా జనం చెప్పారు. మనుషులు ఇక్కడ చేస్తున్నది లెక్క తప్పడం అనడం తేలిక. అయితే వాళ్లు ఎదుటి పక్షంలో అన్నిటికన్నా బలమైనది ఏదో చూసి, దానికన్నా మనది మెరుగా కాదా అని తూచారు. జాన్సన్ నిఘంటువు చెప్పిన అర్థం అదే. నార్వేలో కార్ల్ హాల్వర్ టైగెన్, విబెకె బ్రున్ చేసిన పని ఇంకో సంగతి బయటపెట్టింది. ఒకే అంకెకు సరిపోయే రెండు మాటల్లో ఒకటి ‘చేయొచ్చు’ వైపు, ఇంకోటి ‘వద్దు’ వైపు నెడుతుంది. ‘కొంత వీలుంది’ అంటే రోగికి వైద్యం చేయించమని సలహా ఇచ్చినవాళ్లు, ‘బాగా అనుమానమే’ అంటే వెనక్కి తగ్గారు. ఈ మాటల్లో దిక్కు ఉంది. అంకెకు దిక్కు లేదు.

ఇక రెండో జవాబు, అంటే ‘ప్రాబబ్లీ’ చెప్పేవాడి జాగ్రత్త మాత్రమేనన్నది. దీన్ని అందరికన్నా పట్టుదలగా వాదించినవాడు స్టీవెన్ టూల్మిన్. 1950లో రాసిన వ్యాసంలోనూ, 1958 నాటి పుస్తకంలోనూ ఆయన సరిగ్గా ఈ క్రియావిశేషణాన్నే పట్టుకున్నాడు. ‘వస్తాను’ అంటే మాట ఇవ్వడమైతే ‘ప్రాబబ్లీ వస్తాను’ అంటే ఆ మాటను షరతులతో ఇవ్వడం. అంతేగాని లోకంలో ఉన్న ‘ప్రాబబిలిటీ’ అనే వస్తువును వర్ణించడం కాదు అన్నాడు. ఇందులో నిజం చాలా ఉంది. వాన రాకపోతే, ‘ప్రాబబ్లీ వస్తుంది’ అన్నవాడు పొరపాటుపడ్డాడని అనవచ్చేమో గానీ, అలా అనడమే తప్పని అనలేం. ఆనాటి మబ్బు చూస్తే ఆ మాట సబబే అయి ఉండవచ్చు. కానీ ఇదే మొత్తం నిజం కాదు. పీటర్ గీచ్ 1965లో ఇలాంటి సిద్ధాంతాలన్నిటికీ పెట్టిన చిక్కును జాన్ సర్ల్ 1969లో టూల్మిన్ పేరెత్తి మరీ విప్పి చూపాడు. ‘వంతెన ప్రాబబ్లీ కూలుతుందంటే లారీలను ఆపండి’ అన్న వాక్యంలో చెప్పేవాడు వంతెన గురించి మెత్తగానో గట్టిగానో ఏ హామీ ఇవ్వడంలేదు. అయినా ఆ మాటకు అక్కడ అర్థముంది. ఆ అర్థం ఏమిటన్నదానికి నాకు సరిగా తోచే జవాబు కీన్స్‌ది. 1921 నాటి తన గ్రంథంలో ఆయన ‘ప్రాబబిలిటీ’ని తెలిసిన సంగతులకూ, వాటిమీద నిలిపే నిర్ణయానికీ మధ్యనున్న సంబంధంగా చూశాడు. చాలా సందర్భాల్లో దానికి అంకె ఉండనే ఉండదన్నాడు. మొగ్గు ఎటున్నదన్నది ఒకటి, ఆ మొగ్గు వెనక ఎంత సాక్ష్యం పోగైందన్నది ఇంకొకటి అని వేరు చేశాడు. వెయ్యిమంది గుంపులో 501 అన్న లెక్కకు మొగ్గు ఉంది, బరువు లేదు. సయాం రాజు అనుభవానికి మొగ్గు ఉంది, ఆ బరువంతా ఎండదేశాలదే. పాత మాట ఈ రెంటినీ కలిపి చెప్పేది. కొత్త అంకె మొదటిదాన్ని మాత్రమే చెబుతుంది.

కీన్స్‌కు అడిగే ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. ఆ సంబంధం ఎక్కడుంది, దాన్ని ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చూస్తే ఎవరిది సరి అని ఫ్రాంక్ రామ్సే అడిగాడు. అలాంటి సంబంధాలు తనకు కనిపించవన్నాడు. నమ్మకాన్ని పందెం కాయడానికి సిద్ధపడే మేరతో కొలవాలన్నాడు. ఈ ప్రశ్నకు పూర్తి జవాబు ఎవరూ ఇచ్చినట్టు లేదు. అయితే కోర్టులు దీనికి ఒక ఆచరణ కనిపెట్టుకున్నాయి. తీర్పు చెప్పేవాడు తనకు ఎంత నమ్మకమో చెప్పి ఊరుకుంటే చాలదు. ఏ సాక్ష్యం చూసి అలా అనుకున్నాడో రాయాలి, పైకోర్టు దాన్ని చదివి తప్పు పట్టగలగాలి. పందెం కాసేవాడికి ఆ బాధ్యత లేదు. ‘ప్రాబబ్లీ’ అన్నవాణ్ని ‘ఎందుకలా అనుకుంటున్నావు’ అని అడగడం మనకు సహజంగా వస్తుంది. జవాబు చెప్పలేకపోతే ఆ మాట అనకుండా ఉండాల్సింది అంటాం. ‘నూటికి డెబ్బై’ అన్నవాణ్ని మాత్రం లెక్క ఎలా కట్టావని అడుగుతాం. రెండు ప్రశ్నలూ అవసరమైనవే, కానీ అవి ఒకటి కావు.

తెలుగులో ఇప్పుడు ఇది అనువాదకుల సమస్యగా మన ముందుంది. వాతావరణ శాఖ ఇంగ్లీషు బులెటిన్‌లో ‘లైక్లీ’, ‘వెరీ లైక్లీ’, ‘మోస్ట్ లైక్లీ’ మూడూ మూడు శాతాలకు గుర్తులు. పత్రికల్లోకీ టీవీ స్క్రోలింగుల్లోకీ వచ్చేసరికి మూడూ తరచూ ‘కురిసే అవకాశం ఉంది’ అన్న ఒకే పలుకుగా మారిపోతున్నాయి. ఉప్పాడ తీరంలో వల సర్దుకునే మనిషికి ఆ వాక్యంలో అంకె అందడంలేదు, ఆధారమూ అందడంలేదు. శాతాన్ని శాతంగానే రాసి, దాని పక్కన ఆ అంచనా ఎంత గట్టిదో, ఏ నమూనాలు ఏకీభవించాయో, వాయుగుండం దారి ఎంతవరకు తేలిందో ఇంకో వాక్యంలో చెప్పవచ్చు. రెండు వాక్యాల చోటు ఏ పత్రికకైనా ఉంటుంది. తీర్పుల అనువాదంలో చిక్కు ఇంకా పెద్దది. ‘ప్రాబబుల్’ను ‘సంభావ్యం’ అని రాస్తే గణితం పాఠం గుర్తొస్తుంది, ‘బహుశా’ అని రాస్తే న్యాయమూర్తి ఊహించి శిక్ష వేసినట్టవుతుంది. చట్టం చెప్పిన వివేకి అయిన మనిషిని వాక్యంలో నిలబెట్టి, ‘నమ్మి నడుచుకోదగినది’ అని విడమరిచి రాయడమే ఇప్పటికి ఉన్న దారుల్లో అసలు అర్థానికి దగ్గరగా వెళ్లేది.